గోల్కీ మొక్కు

సిద్దిపేట,
10 ఫిబ్రవరి 1945

గుల్షన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు గోడలా నిలిచిన గోలుకీపరు, చిరంజీవి యోబును పోశన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీ చేతులు క్షేమమని తలుస్తాను. మిగతా ఒంటి సంగతి తీరిగ్గా రాయి.

మనవాళ్లు రెండో ఆట కూడా గెలిచారని నిన్న తెలిసింది. పట్నం పేపరు బొగ్గుతో నడిచే బస్సులో వచ్చి, మా సావుకారి చేతిలో నలిగి నాదాకా వచ్చేసరికి వార్త పాసిపోతుంది. బట్టల కొట్లో అందరూ జర్మనీవాడు ఎంతదాకా వెనక్కి పోయాడని చూస్తుంటే, నేను చివరి పేజీ అడుగున వెతుకుతాను. గుల్షన్ రెండు, అవతలివాళ్లు సున్న అని కనబడగానే చేతిలో గజంబద్ద ఉందని కూడా మరిచి ఎగిరాను. ఎవరో చింతమడక ఆయనకు ధోవతి గుడ్డ జానెడు ఎక్కువ చింపి ఇచ్చానట. సావుకారు తిట్టాడు. తిట్టనీ.

గెలిస్తే ఇది నా సంబరం. ఓడితే ఏమవుతానో నీకు తెలియదు. పోయిన ఏడు చాంది కప్పు ఫైనల్లో బొల్లారం సిపాయిల పల్టను చేతిలో ఓడామని చదివి, తల మీద తువ్వాల కప్పుకొని అరుగు మీద కూలబడ్డాను. పక్కింటి చంద్రవ్వ చూసింది. మా ఇంట్లో ఎవరో పోయారనుకొని పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయిన్రే అన్నా, ఎవరు పోయిన్రే!" అని శోకం ఎత్తుకుంది. మా క్లబ్బు ఓడిందని చెబితే కండ్లు తుడుచుకొని, "క్లబ్బు మీకేమైతడే? మేనత్త కొడుకా?" అని అడిగింది. మా బుచ్చవ్వ లోపలి నుంచి, "పెండ్లైనప్పటి సంది నా కోసం ఒక్కనాడన్న గిట్ల ఏడ్సిండా అడుగు చెల్లే" అన్నది.

అందుకే ఈ ఏడు క్లబ్బును పోచమ్మ తల్లికి అప్పజెప్పాను. మొదటి ఆటకు కొబ్బరికాయ మొక్కాను, గెలిచారు. రెండో ఆటకు కోడిపుంజు, గెలిచారు. సెమీఫైనలుకు రెండు పుంజులు మొక్కి ఉన్నాను. నువ్వు కిరస్తానం మనిషివి, నవ్వితే నవ్వు గాని బంతిని మాత్రం వదలకు.

నీ మేలు కోరే,
పోశయ్య

తా.క.: తల్లి చచ్చిన పొట్టేలు పిల్లను బుచ్చవ్వ సీసాతో పాలు పట్టి సాకిందని చెప్పాను కదా. ఇప్పుడు కొమ్ములు తిరిగాయి. సాయంత్రం నేను గుడ్డల బంతి దొర్లిస్తే, గుమ్మంలో నిలబడి తలతో కొట్టి వెనక్కి పంపుతాడు. ఇంతవరకు ఒక్కటి లోపలికి పోనివ్వలేదు. నీ పేరే పెడదామనుకున్నాను గాని, "యోబు గడ్డి తిన్నడు" అని వాకిట్లో అరిస్తే బాగుండదని బుచ్చవ్వ అన్నది. అందుకని గోల్కీ అని పిలుస్తున్నాం.


హైదరాబాదు,
18 ఫిబ్రవరి 1945

నన్ను వేలు పట్టుకొని మొదటిసారి మైదానానికి తీసుకుపోయిన పోశన్నకు, యోబు వందనాలతో రాసేది.

గెలిచాం అన్నా! పేపరు కోసం కూర్చోకు, నేనే రాస్తున్నాను. మా సామ్యూల్ ఒకటి కొట్టాడు, నేను మూడు ఆపాను. ఒకటి మూతితో ఆపాను, పెదవి ఇంకా వాచే ఉంది. నువ్వు ఇక్కడ మిల్లులో పని చేసిన రోజుల్లో టిక్కెట్టు లేక మనం చెట్టెక్కి చూసిన క్లబ్బు ఇది. కప్పు మొహం ఎరగని క్లబ్బు. ఈసారి ఎరుగుతుంది.

నీ రెండు పుంజుల సంగతి మావాళ్లకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "రెండు కోళ్లకు సెమీఫైనలొచ్చింది. ఫైనలుకు మేకో గొర్రో ఒక యాటకు తక్కువైతే ఎట్ల కుదుర్తది? పోశన్నకు రాయి" అని సామ్యూల్ నా వెంట పడ్డాడు. మా సెక్రటరీ మధుసూదన్ గారు చదువుకున్నవారు. ఇవన్నీ మూఢనమ్మకాలని అరగంట ఉపన్యాసమిచ్చి, లేచి పోతూ, "కాని మొక్కేదేదో జర బలిసినదాన్ని చూసి మొక్కుమను" అన్నారు.

ఫైనలు మార్చి పదహారు, శుక్రవారం. మళ్లీ ఆ పల్టనువాళ్లే. నేను చర్చిలో ప్రార్థన చేస్తున్నాను. నువ్వు అటు నుంచి చూసుకో.

నీ తమ్ముడు,
యోబు

తా.క.: గోల్కీని అడిగానని చెప్పు. ఒక్కటి కూడా లోపలికి పోనివ్వలేదన్న మాట మధుసూదన్ గారి చెవిన పడకుండా చూడు. నన్ను తీసేసి వాణ్ణి పెడతారు.


సిద్దిపేట,
24 ఫిబ్రవరి 1945

చిరంజీవి యోబుకు, తిండి సయించని పోశన్న రాసేది.

తమ్మీ, కొంప మునిగింది. నీ ఉత్తరం చూసి ఆ సంతోషంలోనే పోచమ్మ గద్దె దగ్గరికి పోయాను. అక్కడ పూజ చేసే భూమయ్య వింటుండగా, "తల్లీ, కప్పు మాకొస్తే ఇంట్ల ఉన్న యాటను నీకిస్త" అని మొక్కాను. నా మనసులో ఉన్నది మా కుంటి మేక. ముసలిది, రేపో మాపో పోయేది.

ఇంటికి వస్తే గుంజ దగ్గర తాడు మాత్రమే ఉంది. పొద్దున్నే చిన్నకోడూరు మనిషి వస్తే బుచ్చవ్వ దాన్ని అమ్మేసింది. "దానికి పండ్లు సుత లేవు. బేరమొచ్చింది, ఇచ్చిన. నువ్వు మొక్కబోతున్నవని నాకు కలొచ్చిందా?" అన్నది. ఇక ఇంట్లో ఉన్నది ఎవరు? గుమ్మంలో నిలబడి బంతి కోసం చూస్తున్నవాడు.

మళ్లీ భూమయ్య దగ్గరికి ఉరికాను. నేను కుంటి మేకను అనుకున్నానని చెప్పాను. "నువ్వు పేరు జెప్పలే. ఇంట్ల ఉన్నదన్నవ్. తల్లి నీ ఇంట్లకు సూసింది. పొట్టేలు కనవడ్డది" అన్నాడు. ఇంకొకటి కొనిస్తానన్నాను. "కొనుక్కొచ్చింది ఇంట్ల ఉన్నదెట్లయితది?" అన్నాడు. పట్నంలో వకీలు కావలసినవాడు ఇక్కడ గద్దె తుడుస్తున్నాడు.

మనం గెలవాలని కోరుకుందామంటే వాడి మెడ కనబడుతుంది. ఓడాలని కోరుకోవడానికి నోరు రాదు. నిన్న కొట్లో ఎవరో "ఫైనల్ల మీరే గెలుస్తరు పోశన్నా" అంటే ఏడుపొచ్చింది. ఏం చేయాలో నువ్వే చెప్పు.

దిక్కుతోచని,
పోశయ్య

తా.క.: ఆట సమానంగా ముగిస్తే కప్పును చెరో ఆరు నెలలు పెట్టుకునే పద్ధతి ఉందా? ఉంటే అది సగం గెలుపే కదా. సగం మొక్కు కింద వాడి ఉన్ని కత్తిరించి ఇస్తే సరిపోతుందేమో భూమయ్యను అడుగుతాను.


హైదరాబాదు,
1 మార్చి 1945

మహారాజశ్రీ పోశయ్య గారికి, యోబు రాయునది.

అన్నా అని రాయడానికి చేయి రాలేదు, ఏమనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిప్పి చదివినా అదే కనబడుతోంది. మీ పొట్టేలు కోసం నన్ను ఒక బంతి విడిచిపెట్టమంటున్నారు.

డ్యూటీ దిగి ఎండలో మోకాళ్లు పగలగొట్టుకుంటున్నది ఎందుకు? సామ్యూల్ తన పెళ్లిని కూడా ఫైనలు తర్వాతికి వాయిదా వేసుకున్నాడు. చిన్నప్పుడు మీరే నాకు చెప్పారు: "గోలు కాడ నిలవడ్డోడు ఆకలి మర్సిపోవాలె, ఇల్లు మర్సిపోవాలె, కన్నతల్లిని సుత మర్సిపోవాలె" అని. ఆ లెక్కలో పొట్టేలు రాదా?

క్లబ్బు నాది, నాది అని తువ్వాల కప్పుకొని ఏడ్చేవారు మీరు. ఇప్పుడు తెలిసింది ఎంత మీదో.

ఇట్లు,
యోబు, గోలుకీపరు

తా.క.: పోస్టు డబ్బాలో వేయబోయి మళ్లీ విప్పాను. గోల్కీ మేత సరిగ్గా తింటున్నాడా?


సిద్దిపేట,
10 మార్చి 1945

యోబుకు పోశయ్య రాసేది.

నేను ఓడమనలేదు. కడుపులో ఉన్నది కాగితం మీద పడ్డది, అంతే. నువ్వు అన్న మాట నిజం. నీకు చెప్పిన పాఠం నేనే మరిచాను.

నీ ఆట నువ్వు ఆడు. నా మొక్కు నేను చూసుకుంటాను. ఇక ఆ సంగతి ఎత్తవద్దు.

బస్సు కండక్టరు జలాల్ చేతికి ఒక మూట ఇచ్చాను. ఒట్టి తునకలు. చిన్నకోడూరులో చుట్టాల పెళ్లికి కోసిన యాటవి. బుచ్చవ్వ ఉప్పూ పసుపూ పెట్టి మిద్దె మీద ఎండబెట్టింది. ఆట రోజు పొద్దున నిప్పుల మీద కాల్చుకొని జొన్నరొట్టెతో తిని పో. బలం వస్తుంది.

పోశయ్య

తా.క.: పారేయకు. ఒక్క తునక కూడా పారేయకు.


హైదరాబాదు,
17 మార్చి 1945

పోశన్నకు, మొహం చూపించలేని యోబు రాసేది.

ఓడిపోయాం అన్నా. ఒక్క గోలు. అది నా తప్పే.

ఆట అయిపోవస్తున్నా ఇరువైపులా గోలు లేదు. పల్టనువాడు దూరం నుంచి కొట్టాడు. బంతి నా కుడిచేతి పక్కకే వచ్చింది. అట్లాంటివి నేను నిద్రలో కూడా పడతాను. అంతలో నాకు ఏం పాడుబుద్ధి పుట్టిందో! ఇది పట్టి సామ్యూల్‌కు విసిరితే వాడు ఉరికి గోలు కొడతాడు, కప్పు మనదవుతుంది, సిద్దిపేటలో గోల్కీ మెడ తెగుతుంది అనిపించింది. నేను ఎన్నడూ చూడని పొట్టేలు అన్నా అది. అయినా గుమ్మంలో నిలబడి బంతి కోసం చూస్తున్నట్టు కళ్లకు కట్టింది. చేయి లేచేసరికి బంతి వలలో ఉంది.

కావాలని వదల్లేదు. దేవుని ఎదుట చెప్పగలను. కాని కావాలని పట్టనూ లేదు. అది కూడా చెప్పాలి కదా.

సామ్యూల్ నాతో మాట్లాడటం లేదు. వాడికి ఏమని చెప్పను, ఒక పొట్టేలు అడ్డం వచ్చిందనా? మధుసూదన్ గారు తిట్టలేదు, భుజం మీద చెయ్యేసి పోయారు. తిట్టినా బాగుండేది.

నీకు అంత కోపంగా ఉత్తరం రాసినవాణ్ణి, చివరికి నేనే ఆ పని చేశాను. ఒక్కటే నెమ్మది. గోల్కీ బతికాడు. కప్పు వచ్చే ఏడు కూడా ఉంటుంది, వాడు పోతే మళ్లీ రాడు కదా. నా పేరు చెప్పి వాడికి దోసెడు మక్కలు పెట్టు.

నీ తమ్ముడు,
యోబు

తా.క.: ఒట్టి తునకలు ఎంత బాగున్నాయో చెప్పడం మరిచాను. సామ్యూల్ వేళ్లు నాకాడు. పెళ్లివారు మంచి లేత యాటను కోసినట్టున్నారు. ఇంకా ఉంటే జలాల్ చేత పంపు.


సిద్దిపేట,
22 మార్చి 1945

నా తమ్ముడు యోబుకు, పోశన్న రాసేది.

గోల్కీకి మక్కలు పెట్టమన్నావు. పెడదామంటే వాడు లేడు. ఫైనలు నాడు పొద్దున నువ్వు జొన్నరొట్టెతో తిన్నది వాణ్ణే.

నీ కోపపు ఉత్తరం నాకు శనివారం అందింది. నాకు సిగ్గేసింది. మరునాడే భూమయ్య దగ్గరికి పోయి, మొక్కు ముందే చెల్లిస్తే ఏమవుతుందని అడిగాను. "గెలిచినంక అందరు ఇస్తరు. ముంగటనే ఇస్తే తల్లికి ఇగ తప్పదు" అన్నాడు. వాణ్ణి నేనే తీసుకుపోయాను. తాడు కట్టలేదు. నా చేతిలో గుడ్డల బంతి ఉంది, ఆడుకోవడానికనుకొని వెంట నడిచాడు. దాన్ని ఎందుకు చేతిలో పట్టుకుపోయానో అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

పెళ్లి యాట అని నీకు అబద్ధం రాశాను. నిజం రాస్తే బంతి నీ చేతుల్లోంచి జారుతుందని భయపడ్డాను. వాడు పోయాడని ఒక్క ముక్క రాసి ఉంటే నీకు వాడి రంది ఉండేదే కాదు, బంతి పట్టేవాడివి, ఇవాళ కప్పు మనదయ్యేది. పైగా నీ మతం కాని ప్రసాదాన్ని నీకు చెప్పకుండా తినిపించాను. దానికి కూడా క్షమించు.

ఓడిన వార్త చదివి మళ్లీ తువ్వాల కప్పుకొని అరుగు మీద కూర్చున్నాను. చంద్రవ్వ వచ్చి, "మల్ల ఆ క్లబ్బేనా అన్నా?" అని అడిగింది. తువ్వాలను మొహం మీదికి లాక్కున్నాను. అంతలో బుచ్చవ్వ బయటికి వచ్చి, "కుంటిదాన్ని అమ్మిన నా చేతులు ఇరగ!" అని ఏడ్చింది. చంద్రవ్వ ఎవరి కోసమో తెలియకుండానే శోకం ఎత్తుకుంది. ఈసారి నేనూ కలిశాను.

నిన్ను తిట్టాలో కావిలించుకోవాలో తెలియడం లేదు. నా క్లబ్బును ఓడించినవాడివీ నువ్వే, నా గోల్కీ కోసం ఓడినవాడివీ నువ్వే. సామ్యూల్‌కు ఈ ఉత్తరం చూపించు. కోపముంటే నా మీద పెట్టుకొమ్మను.

నిన్న సాయంత్రం ఊరికే ఉండలేక గుడ్డల బంతి దొర్లించాను. నేరుగా గుమ్మం దాటి, పొయ్యి దగ్గరిదాకా పోయి ఆగింది. బుచ్చవ్వ దాన్ని తీసి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

నీ అన్న,
పోశయ్య

తా.క.: బుచ్చవ్వ పోచమ్మ గద్దె దగ్గరికి పోయి తల్లితో గట్టిగానే మాట్లాడి వచ్చింది. మొక్కు మనం ముందే చెల్లించాం, కప్పు ఆమె ఇవ్వలేదు, కాబట్టి వచ్చే ఏడు ఆమే మనకు ఒక కప్పు బాకీ అట. భూమయ్య కూడా లెక్క సరిగ్గానే ఉందన్నాడు. ఇక నువ్వు నిశ్చింతగా ఆడు. మళ్లీ ఆట మధ్యలో గోల్కీ కళ్లకు కట్టినా చేయి ఆపకు తమ్మీ. వాడైతే ఆ బంతి ఆపేవాడు.