తల దగ్గర కూర్చున్నవాడు

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులైన పిన్నిగారి సముఖానికి,

మీరు గుమ్మంలోంచే పంపేసిన మీ ఇంటి ఆస్థాన విదూషకుడు దూరం నుంచే సాష్టాంగపడి రాసుకునే విన్నపం.

ముందుగా నా నేరాలన్నిటికీ శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. మీ బట్టల తాడు కోసి స్ట్రెచరు అల్లినందుకు. మాస్టారి తెల్లచొక్కాల మీద ఎర్రరంగు కుమ్మరించి నెత్తురని పేరు పెట్టినందుకు. ఎంత ఉతికినా వదలని ఆ మరకలు చూసి, మా ఆయన ఉద్యోగం పాఠాలు చెప్పడమా, రోజుకోసారి చావడమా అని మీరు విసుక్కుంటే, రెండోదానికే జీతమండీ అని పళ్ళికిలించినందుకు. ఈ చివరిది ఇప్పుడు గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తోంది.

శిక్షణ క్యాంపులో అంతా క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. గుడారాలు ఆరాయి. మా జీపు డ్రైవరన్న ఇప్పటికీ పొద్దున్నే రెండు కప్పుల టీ పోసి, రెండోది ఏం చేయాలో తెలియక నిలబడిపోతున్నాడు. మాకు సర్టిఫికెట్లు వచ్చాయి. వచ్చే నెల బడిపిల్లల్ని అడవికి మేమే తీసుకెళ్ళాలట. మాస్టారు లేకుండా.

ఆయన మాకు పుస్తకం పట్టుకుని చెప్పలేదు కదా. అడవిలో పిల్లలకి ఏమేం కావచ్చో అన్నీ తానే అయి చూపించారు. కాలు విరిగినవాడు, తేలు కుట్టినవాడు, అమ్మ దగ్గరికి పోతానని వెక్కే చిన్నపిల్ల. ఆ మీసాలతో ఆ పిల్లని చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వితే, రేపు నిజం పిల్ల ఏడిస్తే కూడా ఇలాగే నవ్వుతావుట్రా వాగుడుకాయా అని నన్నొక్కణ్ణే కొండెక్కించి దింపారు.

చచ్చిపోతున్నాను బాబోయ్ అని ఆయన అరిచినా అది నటనే. నిజంగా ఏదైనా అయితే అనాల్సిన మాట ఒకటే: ఆట కాదు. అది వినబడగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. మొదటిరోజు మాచేత ఎక్కంలా వల్లె వేయించారు. ఆ నియమం మీకూ తెలుసు. అందుకే గుమ్మంలో నన్ను నిలదీశారు. ఆయన ఆ మాట అనే ఉంటారు, మీరు నటన అనుకుని నవ్వుతూ మోసుకొచ్చారు, ఒక్కరూ నమ్మలేదే అన్న బాధతో పోయుంటారు అన్నారు. నేను తల దించుకుని, మాకేం వినబడలేదండీ అన్నాను.

ఆ ఉదయం ఆయన వేషం కాలు విరిగినవాడు. వాగు ఒడ్డున పడుకున్నారు. మావాళ్ళు కాలికి బద్దలు కట్టారు. నేను తల దగ్గర కూర్చున్నాను. తల దగ్గర కూర్చునేవాడి పని దెబ్బ తగిలినవాడితో ఆపకుండా మాట్లాడడం. వీడినెలాగూ ఆపలేం కదా అని ఆ ఉద్యోగం నాకిచ్చారు. దారంతా జోకులు చెప్పాను. మావాళ్ళు నవ్వారు, మాస్టారూ నవ్వారు. అంత బాగా మేమెప్పుడూ మోయలేదు. ఒక్క కుదుపు లేదు. రోడ్డు చేరాక, లేచి దుమ్ము దులుపుకుని మార్కులు వేయాల్సిన మనిషి లేవలేదు.

నన్ను తిట్టండి. తలుపు తీయకపోయినా ఫర్వాలేదు. మరకల చొక్కా ఏదైనా మిగిలి ఉంటే మాత్రం పారేయకండి.

మీ అంట్లగిన్నెల పక్కన కూర్చుని మీ బుర్ర తిన్న
వాగుడుకాయ

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన వేడుకున్న క్షమాపణల్లో ఒక్కటీ అసలుది కాదు. ఆయన ఆ మాట అన్నారు. బద్దలు కడుతుండగా, గుండె మీద చెయ్యేసుకుని నా చెవిలో అన్నారు. నేను కేకెయ్యబోతే మణికట్టు పట్టుకుని, వాళ్ళకి చెప్పకురా, చేతులు వణుకుతాయి, నువ్వు వాగుతూనే ఉండు అన్నారు. నీళ్ళు తెస్తానని పక్కకెళ్ళి రేడియోలో డ్రైవరన్నకి చెప్పాను. మేం దిగేసరికే రోడ్డు మీద డాక్టరు ఎలా ఉన్నారని మావాళ్ళెవరూ ఇంతవరకూ అడగలేదు. ఆరోజు మీ గుమ్మంలో వాళ్ళంతా నా వెనకే ఉన్నారు. ఆ చేతులే రేపు పిల్లల్ని మోయాలి. అందుకని మీకు అబద్ధం చెప్పాను.

ఒక్కరూ నమ్మలేదన్నారు కదా పిన్నిగారూ. నేను నమ్మాను. నమ్మి, జోకు చెప్పాను.