బూట్లు కొండకి వెళ్ళాయి

ఏవండీ,

పాలు కాచి పెట్టాను. పాపను బడి నుంచి మీరే తీసుకురావాలి. మడమల మీద బొబ్బలు చిదమకండి, మందు అద్దం దగ్గర ఉంది.

మీ కొండ బూట్ల కోసం వెతక్కండి, అవి నా కాళ్ళకున్నాయి. మీ బదులు జట్టుతో నేను కొండెక్కడానికి వెళ్తున్నాను. నాయకుడికి ఫోన్ చేస్తే, "ఎవరొచ్చినా ఫర్వాలేదమ్మా, బూట్లు మాత్రం కాలికి అలవాటైనవై ఉండాలి" అన్నాడు.

అలవాటు చేసింది నేనే కదా! కొత్తవి కరుస్తాయని, మనిద్దరిదీ ఒకే సైజని, నెలంతా నాకు తొడిగించారు. వాటితోనే కూరలకెళ్ళాను, లిఫ్టు లేని నాలుగంతస్తులూ ఎక్కాను. మీరేమో సోఫాలో పడుకుని బూట్ల మీద వీడియోలు చూశారు. నిన్న మొదటిసారి తొడుక్కుని, వీధి చివరిదాకా వెళ్ళి కుంటుతూ వచ్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా బూట్లదేనట!

మీరు సర్దిన సంచిలో ఇల్లంతా ఉంది. మంచు పడని కొండకి మంచుగొడ్డలెందుకండీ? దాన్నీ, మడత కుర్చీనీ, కాఫీ గింజలు పొడి చేసే మిషన్నీ మంచం మీద పెట్టాను. నాకు వానకోటు, నీళ్ళ సీసా, టార్చిలైటు చాలు. తప్పిపోతే ఊదాలని మీరు కొన్న ఈల మాత్రం మెడలో వేసుకున్నాను.

ఎల్లుండి సాయంత్రానికి వస్తాను. అత్తయ్య అడిగితే బూట్లు కొండకి వెళ్ళాయని చెప్పండి, అబద్ధం కాదు.

చెప్పడం మరిచాను. మీరు ఇంకో జత కొనుక్కోండి. ఈసారి మీరే అలవాటు చేసుకోండి. కూరల సంచి తలుపు వెనక తగిలించాను.