ఎవరి చేమగొయ్యి వారిదే

ఫిబ్రవరి 3

నిన్న పెద్ద పోటు వచ్చింది. సముద్రం రోడ్డు దాటి, బడి వరండా ఎక్కి, ఏమీ ఎరగనట్టు వెనక్కి పోయింది. పొద్దున ఫారం టూ పిల్లలు బెంచీల కింద చేపపిల్లల్ని ఏరుకుంటూ కనిపించారు. ఇవాళ్టి జాగ్రఫీ ఇదే అనుకోండి అన్నాను. హాయిగా అనుకున్నారు, వెధవలు.

నాన్న లేస్తూనే చేమదుంపల గోతి దగ్గరకు వెళ్ళాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని నీరా తాగాడు. గొయ్యి ఎలా ఉందని నేను అడగలేదు. అడగకూడదు. చేమగొయ్యి సంగతి మగవాడు కట్టుకున్న పెళ్ళానికే చెప్పడు, ఇక కూతురెంత. ఏ ఆకు ఎరువు వేశాడు, ఎప్పుడు వేశాడు, దుంప ఎంతయింది, అన్నీ కడుపులోనే పెట్టుకుంటాడు. ఒకడి గోతిలోకి తొంగి చూడటమంటే వాడి పడకగదిలోకి చూసినట్టే.

నా చంటిది తిరియాకి మూడేళ్ళు. దానికి ఈ మర్యాదలు తెలియవు. తాతా, దుంప ఎంత లావుంది అని అడిగేసింది. నీ అంత ఉందే పిల్లా అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

ఫిబ్రవరి 19

వాన లేదు. నవంబరు నుంచీ లేదు.

ఫిబ్రవరి 27

ఫారం టూకి ‘మన దేశం’ మొదలుపెట్టాను. ముప్పైమూడు దీవులు. సముద్రంతో కలిపి చూస్తే ఖండమంత దేశం, నేల ఒక్కటే కొలిస్తే చెప్పుకోవడానికి సిగ్గు. దేశంలో ఎత్తయిన చోటు బనాబా దీవి అని చెప్పాను. మరి మన దీవిలోనో టీచర్ అన్నారు. చర్చి మెట్లు అని వెనక బెంచీలోంచి ఎవడో అన్నాడు. నవ్వాను. తర్వాత స్టాఫ్ రూములో కూర్చుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

ఎకానమీ పాఠం చెప్పడం సులువు. బనాబాలో ఫాస్ఫేట్ ఉన్నంతకాలం తెల్లవాళ్ళు గీక్కుని తీసుకుపోయారు. అయిపోయిన ఏడాదే స్వాతంత్ర్యం ఇచ్చారు. ఇప్పుడు ఎండుకొబ్బరి, మన ట్యూనా పట్టుకునే పరాయి పడవల ఫీజు, ఓడల మీద పనికి పోయిన మగాళ్ళు పంపేది. అంతే. మా ఆయన ఆ మూడో రకం. హాంబర్గ్ దగ్గరెక్కడో ఉన్నాడు.

మా తాత బనాబాలో పార పట్టినవాడే. ఆ కష్టం ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. ఆయన తాత మంచినీటి ఊట తగిలేదాకా తవ్విన చేమగొయ్యి మాత్రం ఇవాళ్టికీ మాకు తిండి పెడుతోంది. బ్రిటిషువాళ్ళు వచ్చారు, జపాన్‌వాళ్ళు వచ్చారు, మళ్ళీ బ్రిటిషువాళ్ళు, తర్వాత మనం. అన్ని జెండాల కిందా అదే గొయ్యి. ఇది సిలబస్‌లో లేదు. చెప్పాను.

మార్చి 12

రాజధాని తరావా నుంచి ఆఫీసరొచ్చాడు. మనేబాలో, అదే మా సభాశాలలో, ఊరంతా కూర్చుంది, ఎవరి కుటుంబం చోట్లో వాళ్ళు. ఆయనకు కొత్త మొగలి చాప వేశారు. మంచినీళ్ళ ఓడ బయల్దేరుతోందిట. ఉన్నది ఒక్కటే ఓడ. చేమ చచ్చిపోయిన దీవులకు ముందు వెళ్తుందిట. మీ గోతులెలా ఉన్నాయి అని కుటుంబం కుటుంబాన్నీ అడిగాడు. అందరి ముందూ! కుర్రాడు, న్యూజిలాండులో చదివొచ్చాడు, ఏమడగాలో ఏమడక్కూడదో తెలియదు పాపం.

పక్కింటి ఉరియాం మామ ముందు లేచాడు. నాన్నా ఆయనా చిన్నప్పట్నుంచీ పోటీ, చేమ విషయంలో మరీనూ. మాకేం బాబూ, దివ్యంగా ఉంది, ఆకు నాకంటే ఎత్తు, కావాలంటే నా పక్కన నుంచుని చూస్కో అన్నాడు. మామ పొట్టి. అందరూ నవ్వారు. నాన్న ఊరుకుంటాడా. నీ పక్కన మేకపిల్ల కూడా ఎత్తేరా, మా ఆకు కింద పెళ్ళి చెయ్యొచ్చు అన్నాడు. ఇంకా నవ్వారు. ఇక అక్కణ్ణుంచి ఎవడూ తగ్గలేదు. ఒక్క కుటుంబమైనా బాగాలేదన్లేదు. ఆఫీసరు సంతోషంగా రాసుకున్నాడు. ఓడ పక్క దీవికి వెళ్తుంది.

నాకూ గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు. నడిచొస్తుంటే నాన్న మాత్రం దారిలోనే గోతివైపు మళ్ళాడు.

మార్చి 30

టాంక్‌లో వాననీళ్ళు ఇంత త్వరగా ఎలా తగ్గుతున్నాయో అర్థం కావడం లేదు. అడుగున కారుతోందేమోనని సిమెంటు పూశాను. ఉరియాం మామ కంచె అవతలనుంచి చూసి, ఏం టీచరమ్మా, మీ నాన్న రోజూ తలంటు పోసుకుంటున్నాడా ఏమిటి, పెళ్ళికొడుకు వేషమా అన్నాడు. మీ టాంక్ నిండుగా ఉందా మామా అన్నాను. ఆయనకు వెంటనే పనొకటి గుర్తొచ్చింది, లోపలికి పోయాడు.

ఏప్రిల్ 9

ఎండుకొబ్బరి ఓడ వచ్చిందని బడి ముందే వదిలేశాం. ఇంటికొచ్చేసరికి నాన్న టాంక్ కుళాయి కింద బకెట్ పెట్టి నుంచున్నాడు. నన్ను చూసి గబుక్కున కట్టేశాడు. మోకాళ్ళు లాగుతున్నాయే, కాపడం పెట్టుకుందామని అన్నాడు. బకెట్ నిండానా నాన్నా అన్నాను. బకెట్ ఎత్తుకుని గోతివైపు నడిచాడు. రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా.

నాకు అర్థమైంది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. గొయ్యి ఆయనది, ఎలా అడగను? ఇంట్లోకి పోయి పొయ్యి రాజేశాను. పరువుగల ఇంటి ఆడపిల్లని కదా మరి.

ఏప్రిల్ 21

టాంక్‌లో చెంబు ముంచితే అడుగు గీకుతోంది. పెద్దవాళ్ళం బావి నీళ్ళే కాచుకుని తాగుతున్నాం. ఇవాళ తిరియాకీ అవే పట్టాను. ఉప్పమ్మా అని ఉమ్మేసింది. బొండాలు కొట్టిద్దామంటే ఈ ఎండకి అవీ నిమ్మకాయలంత ఉన్నాయి.

ఏప్రిల్ 27

తిరియా చేదలో గ్లాసు ముంచుకుని కాచని బావి నీళ్ళు తాగేసింది. నేను చూసేలోపే. దాహమేసిందమ్మా అంది.

ఏప్రిల్ 28

విరేచనాలు. సాయంత్రానికి నెత్తురు.

ఏప్రిల్ 29, ఉదయం

క్లినిక్‌లో నర్సు ఇప్పటికే చాలామంది పిల్లల్ని చూసిందిట. డ్రిప్ సీసాలు అయిపోయాయి. మందు తరావాలో ఉంది. విమానం ఎప్పుడొస్తుందో రేడియోలో ఎవరూ చెప్పరు. మంచినీళ్ళు పట్టిస్తూ ఉండక్కా అంది. మంచినీళ్ళు ఎక్కడివే తల్లీ అన్నాను. నా కళ్ళలోకి చూడలేక చీటీలు సర్దుకుంది.

ఏప్రిల్ 29, మధ్యాహ్నం

నాన్న మీద అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవలేదు. నీ దుంపలకి పోశావు, నా బిడ్డకి లేకుండా చేశావు, గోతిలో ఏం దాచావో ఊరంతా వినేలా చెప్పు అన్నాను. తిరియా ఒళ్ళోనే ఉంది, ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. నాన్న లేచి వెళ్ళిపోయాడు. నన్నొదిలి మళ్ళీ ఆ గోతి దగ్గరికే పోయాడని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఒళ్ళంతా బురదతో తిరిగొచ్చాడు. పెద్ద దుంపని మొదలంటా పెరికి తెచ్చి వాకిట్లో, అందరూ నడిచే చోట, పడేశాడు. అమ్మ పోయిన ఏడు నాటిన దుంప. నేను నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. కుళ్ళు కంపు. ఫిబ్రవరి పోటుకే ఉప్పు దిగిందే అమ్మాయీ అన్నాడు. తియ్యనీళ్ళు పోస్తే ఉప్పు విరుగుతుందేమో అనుకున్నా అన్నాడు. మరి ఆ ఆఫీసరు అడిగితే చెప్పలేకపోయావా అన్నాను. ఉరియాంగాడు బాగుందన్నాక ఎలా చెప్పనే అన్నాడు.

ఏప్రిల్ 30

తిరియా పోయింది.

మే 3

రాయకపోతే ఊపిరాడదు.

పూడ్చేలోపు మూడు రోజులూ చావింటికి వచ్చేవాళ్ళు తలో బుట్ట తెస్తారు. బుట్టలో ఏమున్నా పైన చేమదుంప ఉండాలి. అది లేకుండా ఇక్కడ ఎవరినీ సాగనంపలేదు. ఇవాళ మనేబాలో బుట్టలు వరసగా పెట్టారు. మూతలు తీశాం. బియ్యం. టిన్ను మాంసం. బిస్కెట్లు. మళ్ళీ బియ్యం. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. ఒకాయన, కాలు బెణికింది, గోతిలోకి దిగలేకపోయాను అన్నాడు. ఇంకొకాయన, మా దుంపలు ఇంకా లేతవి, పెరకబుద్ధి కాలేదు అన్నాడు. నా బిడ్డ చాప మీద పడుకుని ఉంది. వీళ్ళేమో ఇంకా దుంపల గొప్పలు చెప్పుకుంటున్నారు.

నాన్న లేచాడు. మా గొయ్యి చచ్చిపోయింది అన్నాడు. ఫిబ్రవరిలోనే చచ్చింది, మీ అందరికీ అబద్ధం చెప్పాను, ఇంట్లో నీళ్ళన్నీ దానికే పోశాను, అదిగో మా పిల్ల, అన్నాడు.

ఉరియాం మామ తల దించుకునే, మాదీ అప్పుడే పోయిందిరా అన్నాడు. నీది బాగుందనుకున్నాను, నీకంటే తక్కువవుతానా అని చెప్పలేదు అన్నాడు. అప్పుడు కాలు బెణికినాయన భోరుమన్నాడు. మాదీ అంతే, మాదీ అంతే అని మనేబా చుట్టూ, ఒక కుటుంబం తర్వాత ఒక కుటుంబం. దీవి అవతలి దరి వాళ్ళూ అంతే. చర్చి పాస్టరు గొయ్యి కూడా అంతే. దీవి మొత్తంలో బతికున్న గొయ్యి ఒక్కటీ లేదు. ఊరంతా దొంగచాటుగా చచ్చిన దుంపలకి వాననీళ్ళు పోసింది. ఇంటింటికీ టాంక్ ఎండింది. ఓడ మన ముందునుంచే పోయింది, తెల్లగా కనిపించింది కూడా, పిల్లలు చేతులూపారు.

ఎవరినీ ఏమీ అనలేకపోయాను. మార్చిలో ఆ సభలో నేనూ నవ్వాను.

మే 17

నాన్న నన్ను కంచె పక్కన కూర్చోబెట్టి గోతి రహస్యాలు చెబుతున్నాడు. ఏ ఆకు ముందు, ఏది తర్వాత, నల్లమన్ను ఎక్కడ దొరుకుతుంది. ఆడపిల్లకి చెప్పకూడనివన్నీ, గట్టిగా, దాపరికం లేకుండా. అవతలనుంచి ఉరియాం మామ, అది కాదురా, ముందు పచ్చాకు వెయ్యాలి అని అరుస్తున్నాడు. నీ మొహం, ఎండాకే వెయ్యాలి అని ఈయన అరుస్తున్నాడు. ఇద్దరికీ గొంతు బాగానే ఉంది. ఆ రోజు మనేబాలో ఇందులో సగం గొంతు లేచినా నా తిరియా బతికేది.