ఆలస్యంగా పడే దెబ్బ

మార్చి 3, మంగళవారం

అన్నయ్యది మళ్ళీ అదే పాట. మెషీన్‌ని నడిపే ఆ లోపలి సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్, ఎప్పుడు మారుస్తావు అని.

ఈ డ్రమ్ మెషీన్‌లో వేళ్ళతో కొట్టే ముఖ్యమైన ప్యాడ్‌లన్నీ కుడివైపు మూలకే ఉన్నాయి. అన్నయ్య కుడిచెయ్యేమో పోయిన ఏడాది పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఒళ్ళో పడుకునే ఉంటుంది. ఎవరో ఊరూ పేరూ తెలియని ఆయన సొంతంగా కొత్త ఫర్మ్‌వేర్ రాసి ఊరికే నెట్‌లో పెట్టాడట. అది వేస్తే ఏ ప్యాడ్ ఎక్కడ ఉండాలో మనమే మార్చుకోవచ్చు. ఎడమచేత్తో వాయించుకోవచ్చు.

కానీ అది వేస్తే మెషీన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందులో అన్నయ్య కుడిచేత్తో వాయించి దాచుకున్న ప్యాటర్న్‌లు, అంటే తాళం వరసలు, ఉన్నాయి. ఆ చెయ్యి వాయించింది ఇంకెక్కడా లేదు. ప్రతివారం బ్యాండులో వాయించే మనిషిని పనిగట్టుకుని ఎవరు రికార్డ్ చేస్తారు?

బ్యాకప్ తీసుకోవచ్చు కదే టైలరమ్మా అంటాడు. తీసుకోవచ్చు. నాకు భయం.

మార్చి 5

బ్యాండు లీడర్ ఫోన్ చేశాడు. పైనెల హోటల్ ప్రోగ్రాంకి అన్నయ్య వస్తాడో రాడో సోమవారంలోపు తేల్చమన్నాడు. లేకపోతే ఇంకొకర్ని మాట్లాడుకుంటాడట. అన్నయ్య నాకేసి చూశాడు. నేను కుట్టుమిషన్‌కేసి చూశాను.

మార్చి 6

అన్నయ్య స్నేర్ దెబ్బ, అదే ఆ చిన్న డ్రమ్ము మీద ఠప్పుమని పడేది, ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. రాదేమో అనుకునేలోపు వస్తుంది. దీనికోసం లీడర్‌తో ఎన్నిసార్లు గొడవలు పడ్డాడో! గొడవపడ్డ రోజే జనం కుర్చీల్లోంచి లేచి ఆడేవాళ్ళు.

నాకు మాత్రం బట్టమీద వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పక్కింటావిడ వేసుకొచ్చిన జాకెట్టు అంచు వంకరగా ఉందని నిలబెట్టి విప్పి కుట్టాను. నీకు తాళం అప్పగిస్తే దానికీ ఇస్త్రీ చేస్తావు అని అన్నయ్య ఏడిపించేవాడు.

మార్చి 7

రిపేరు షాపాయన దగ్గరికెళ్ళాను. కొత్త కేబుల్ ఇచ్చాడు. ఇన్‌స్టాల్ అవుతుండగా కరెంటు పోతే మెషీన్ ఇటుకే, ఇక దేనికీ పనికిరాదు అన్నాడు, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. బ్యాకప్ తీశాక ఊరికే ఫైల్ చూసి మురిసిపోవద్దు, అన్నీ వినండి అని రెండుసార్లు చెప్పాడు. వింటానన్నాను.

మార్చి 8, ఆదివారం, ఉదయం

బ్యాకప్ మొదలుపెట్టాను. మెషీన్ చిన్న స్క్రీన్‌మీద ఏదో అడిగింది. టైమింగ్ అలైన్ చెయ్యనా అని. అలైన్ అంటే తిన్నగా పెట్టడమే కదా. యస్ నొక్కాను.

ఫైల్ ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. షాపాయన చెప్పినట్టే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెషీన్‌లో ఒక్కొక్క ప్యాటర్నూ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అన్నీ ఉన్నాయి. ఒకచోట అన్నయ్య మధ్యలో కొట్టడం ఆపేశాడు. నేను కాఫీ ఇవ్వడానికి వచ్చింది అప్పుడే. ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం

ఇన్‌స్టాల్ నొక్కాను. ఎంత అయిందో చూపించే గీత సగందాకా వచ్చి ఆగింది. కదలదు. కేబుల్ ముట్టుకోకూడదని చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య మంచంమీంచి ఏమైందే ఏమైందే అని ఒకటే అడగడం. చివరికి కదిలింది.

అయిపోయింది. ఫైల్ మళ్ళీ ఎక్కించాను. ప్యాటర్న్‌లన్నీ వచ్చాయి. అన్నయ్య వెంటనే లీడర్‌కి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాడు.

సాయంత్రం

స్నేర్ టైముకి పడుతోంది.

మార్చి 9

ఏ ప్యాటర్న్ పెట్టినా అంతే. ఒక్క దెబ్బా ఆలస్యం లేదు. నేను యస్ నొక్కిన చోట మెషీన్ అన్ని దెబ్బల్నీ నా కుట్టులాగా తిన్నగా పేర్చి ఫైల్‌లో పెట్టింది. నేను నిన్న విన్నది ఫైల్‌ని కాదు. అప్పటికింకా మెషీన్‌లోనే ఉన్న అసలు వాటిని. విని, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నా చేత్తో నేనే వాటిని చెరిపేశాను.

షాపాయనకి ఫోన్ చేశాను. పాత ఫర్మ్‌వేర్ మళ్ళీ వెయ్యవచ్చు గానీ పాత దెబ్బలు రావన్నాడు. తప్పు కుట్టయితే విప్పుకోవచ్చు. ఇదేం విప్పను?

అన్నయ్యకి ఇంకా తెలియదు. పొద్దుట్నుంచి ప్యాడ్‌లు ఎడమవైపుకి మార్చుకుంటూ కూనిరాగాలు తీస్తున్నాడు. ఇంత హుషారుగా చూసి ఏడాదైంది. రేపు తన పాత ప్యాటర్న్ పెట్టుకుని దానిమీద ప్రాక్టీసు చేస్తాడట.

మార్చి 10

విన్నాడు.

ఎవడే వీడు, గుమస్తాలా టైముకి వచ్చి టైముకి పోతున్నాడు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత ఇంకోటి పెట్టాడు. ఇంకోటి. నవ్వు పోయింది. నా మొహం చూశాడు.

చెప్పేశాను. యస్ నొక్కింది నేనే అన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో తీసి టేబుల్‌మీద పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ చెయ్యి వాయించింది ఇక ఎక్కడా లేదు.

అందులో స్నేర్ ఒక్కటి తీసెయ్యి, మిగతాది ఉంచు అన్నాడు. తీసేశాను. ఎడమచేత్తో తనే కొట్టడం మొదలుపెట్టాడు. మొదట ప్యాడ్ దొరకలేదు. దొరికాక రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. బూతొకటి తిట్టుకుని మళ్ళీ కొట్టాడు. చెమటలు పట్టాయి. ఇంక చాలన్నయ్యా అందామనుకుంటున్నాను.

రాదేమో అనుకున్నాను. వచ్చింది. వెంట్రుకవాసి ఆలస్యంగా.

తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ అంతే. అన్నయ్య నాకేసి చూడలేదు, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను గట్టిగా ఏడ్చేశాను. తాళం పాడు చెయ్యకు, బయటికెళ్ళి ఏడువు అన్నాడు.

మార్చి 15, ఆదివారం

రిహార్సల్లో స్నేర్ లేటని లీడర్ అరిచాడు. ఇంటికొచ్చి బ్యాకప్ తీస్తానంటే, ఎందుకే, రేపు మళ్ళీ కొడతాగా అన్నాడు అన్నయ్య.

అయినా తీశాను. నో నొక్కాను.