బిందెలో పురుడు

లమ్మడా,
యాంగోన్.

అమ్మ పాదాలకు నీ చిన్న కూతురు లక్ష్మీదుర్గ నమస్కారాలు. ఇక్కడ నేను, నాన్న, నాయనమ్మ బాగున్నాం. మోల్మీన్‌లో నువ్వూ, దేవి అక్కా, అక్క కడుపులోని చిన్న ప్రాణమూ చల్లగా ఉన్నారని తలుస్తాను. బస్సులో వస్తున్న గోపాలం మావయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే సగంలోనే అరుస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదివాకే అరుస్తావు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. బజారులో మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, తినొస్తానన్నా సరే, చద్దన్నం పెట్టందే నాయనమ్మ గడప దాటనివ్వదు.

"చదువులో చేరి ఏడాదైంది, సూదిమందు వెయ్యడమైనా వచ్చిందా? రాకపోతే నేనొచ్చి నర్సు ట్రైనింగులో చేర్పిస్తాను" అని రాశావు. రాలేదమ్మా. రాదు కూడా. జ్వరమొచ్చినవాళ్లకు మందివ్వడం డాక్టర్ల పని. ఆ జ్వరం ఈ వీధికే ఎందుకొచ్చింది, రాకుండా ఎలా ఆపాలి, అదీ మా గ్లోబల్ హెల్త్. పైగా మాది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. అంటే బొమ్మలు గీయించరు. చరిత్ర, లెక్కలు, మంచి చెబితే మనుషులు ఎందుకు వినరు అన్నదీ కలిపి చదివిస్తారు. ఆ చివరిదానికి కాలేజీ దాకా ఎందుకు, మన మేడమెట్ల మీద కూర్చుంటే చాలు. కింది వాటా కోటిబాబు మావయ్య రోజూ మోకాలు చూపిస్తాడు. నేను మోకాళ్లు చూడను మావయ్యా అంటే, "మరేటి సూత్తావే? మడమలా?" అంటాడు.

ఇక నీ మొక్కుబిందె. నా చేతి మీదుగా నలుగురి జబ్బులూ పోవాలని అమ్మవారికి మొక్కి, పూజ మూలలో నీళ్లు నింపి పెట్టి వెళ్లావు కదా. దాన్ని ఎవరూ కదపలేదు. ఆ మాట నిజం. తక్కిన సంగతి చెబుతాను, ముందు ఈ వార్త విను.

వానలు పట్టగానే మా సయామ, అదే టీచరమ్మ, డో న్వే మమ్మల్ని డెంగీ పని మీద పంపింది. ఇంటింటికీ వెళ్లి నిలవనీళ్లలో టార్చి వేసి చూడాలి, దోమపురుగులుంటే పారబోయించాలి. మన వీధి నాకే పడింది. గొంతు పోయేలా చెప్పాను. సింహాచలమ్మ పిన్ని డ్రమ్ము తోముతూ నన్ను తిట్టిన తిట్లు ఈ కాగితం మీద పట్టవు. చివర్లో డో న్వే వచ్చి, మీ ఇల్లూ చూద్దాం అంది. వీధి మొత్తానికి పురుగులున్నది మనింట్లోనే. వేపాకుల కింద, నీ బిందెలో. సిగ్గుతో చచ్చిపోయాను.

పారబోద్దామంటే మొక్కిన మనిషి వచ్చేదాకా చుక్క ఒలకకూడదన్నావు. మందు కలుపుదామంటే అమ్మవారి నీళ్లు. ఇప్పుడు కూర్చుని చదువు. పబేడాన్ బజారులో ఒక జత గప్పీ చేపలు కొని, నాయనమ్మ స్నానానికి వెళ్లినప్పుడు బిందెలో వదిలాను. అవి పురుగుల్ని తినేస్తాయి. కదపలేదు, ఒలకలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ కేక. "ఓలమ్మో! అమ్మోరు బిందిలోకి వొచ్చీసింది!"

వీధంతా మనింట్లోనే. మెట్లనిండా చెప్పులు. నాయనమ్మ ఉద్ధరిణితో తీర్థం పోస్తోంది, జనం కళ్లకద్దుకుని తాగుతున్నారు. చేపలు తినేదీ అందులోనే, తిన్నాక చేసేదీ అందులోనే! జ్వరం ఆపబోయి వీధికంతటికీ విరేచనాలు పట్టిస్తున్నానమ్మా. సింహాచలమ్మ పిన్ని తన పసిదానికి పట్టబోతే, దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టి అందరి ముందూ చెప్పేశాను. "చేపల్ని వేసింది నేనే. దుకాణంలో కొన్నాను. తాగకండి."

నమ్మకపోతే బాగుండేది. నమ్మారు. "నీ సేత అమ్మోరే ఏయించిందే, పిచ్చిదానా" అంది పిన్ని, ఇంకో ఉద్ధరిణి పోయించుకుంటూ. కోటిబాబు మావయ్య నా కాళ్లకు దణ్ణం పెట్టాడు, మోకాలు నొప్పి కాబట్టి నిలబడే.

ఆదుకున్నది నా చదువు కాదు, ఆడచేప. రెండు రోజులు తిరక్కుండా బిందెనిండా చీపురుపుల్ల మొనంత పిల్లలు. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నాయనమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. ఉద్ధరిణి కింద పెట్టేసింది.

"ఇంట్లో పురుడు. సుద్ది అయ్యీవరకూ తీర్తం లేదు. ఎల్లండి, ఎల్లండి."

అందరూ చెప్పులు వెతుక్కుని మెట్లు దిగారు. పిన్ని గుమ్మం అవతలే నిలబడి, "తల్లి బాగుందా?" అని అడిగి వెళ్లిపోయింది. అక్కకంటే ముందు చేప పురుడు పోసుకుని వీధిని కాపాడింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. శుద్ధి రోజున అందరూ గిన్నెలు తెచ్చుకుని తలా ఒక పిల్లను పట్టుకెళ్లి తమ డ్రమ్ముల్లో వేసుకున్నారు. ఇప్పుడు ఏ డ్రమ్ములోనూ పురుగు లేదు. డో న్వేకి అంతా చెబితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, పరీక్షకు ఇదే రాయమంది.

అమ్మా, నన్ను ఈ చదువు మాన్పించకు. ఆ పసిదాని నోటికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఎంత భయపడ్డానో, ఇదే నా పని అని అంత గట్టిగా అనిపించింది. నర్సు పని గొప్పదే. నాకు ఇదంటే ప్రాణం.

చేపల సంగతి, నర్సు ట్రైనింగు సంగతి రాస్తున్నానని నాయనమ్మకు చెప్పాను. వీధి చివర గుడిలో పువ్వుకు కాలు తగిలితేనే నెల రోజులు చెంపలేసుకునే మనిషి కదా, ఏమంటుందోనని బెదిరాను. బిందెకేసి చూసి ఇలా రాయమంది:

"మీ అమ్మకి దానత్త సెప్పిందని రాయి. ఈ గుంటని సదువు మాన్పిత్తే, నీ మొక్కు బింది నానే ఒంపీత్తాను."

ఇట్లు,
నీ కోపానికి భయపడుతూనే చదువుకుంటున్న చిన్న కూతురు,
దుర్గ