రంగాకు నేను కలిపిన నాలుగేళ్ళు

మాదాపూరు,
12-8-1999, గురువారం.

ఇందుమూలంగా సకల జనులకూ చాటి చెప్పడమేమనగా, మాదాపూరు అద్దాల బిల్డింగు గేటు దగ్గర వాచ్‌మన్లకు పెద్ద అయిన శ్రీమాన్ ఓబులేసు గారి ప్లాస్టిక్ కుర్చీకి విరిగిన కాలు స్థానంలో మూడు ఇటుకలు ప్రతిష్ఠించడమైనది. ఇకమీదట ఆ కుర్చీలో వీధికుక్కలు గానీ, ఇంజనీర్లు గానీ ఆసీనులు కారాదు. కాదని కూర్చున్నవారి నడుములకు వారే పూచీ. డండండం.

మహాలక్ష్మి వంటి అక్క అనసూయమ్మ పాదాలకు తమ్ముడు దండం పెట్టి రాసేది.

పై చాటింపు కొట్టేద్దామనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఉత్తరమూ ఇట్లాంటి కూతతోనే మొదలుపెట్టాను, నువ్వు అరుగు మీద కూర్చుని నలుగురికీ చదివి నవ్వేదానివి. చెయ్యి అలవాటు మానలేదు. ఆ తర్వాత 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయబోయి 'అందరం' దగ్గర ఆగిపోయాను. నేను క్షేమం. నీ మరదలు ఈశ్వరమ్మ క్షేమమే గానీ నాతో మాట్లాడదు, కంచం పెట్టి పక్కకు పోతుంది. అక్కడ నువ్వూ, బావా ఎట్లా ఉన్నారో నీ ఉత్తరంలోని వంకర అక్షరాలే చెప్పాయి. ఈ ఉత్తరం మాత్రం అరుగు మీద చదవకు. బావకు కూడా నువ్వు చదువుకున్నాకే ఇవ్వు. ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావేమో, శెట్టి అంగట్లో ఫోను మోగితే పది చెవులు పక్కకు వస్తాయి.

పోయిన ఉత్తరంలో నేను రాసింది ఇంతే. మా బిల్డింగు మూడో అంతస్తులో, కంప్యూటర్లలో బిగించే చిన్న ముక్కల డబ్బా ఒకటి కనపడకుండా పోయింది. ఆ పగలు డ్యూటీలో ఉన్న ముగ్గురు వాచ్‌మన్లను పోలీసులు తీసుకెళ్ళారు. అందులో మన రంగా ఒకడు. భయపడొద్దు, రెండు రోజుల్లో వస్తాడు అని రాశాను. ఆ రెండు రోజులు పద్దెనిమిది రోజులయ్యాయి. మిగతా ఇద్దరూ జామీను మీద బయటికొచ్చారు. వీడు జైల్లోనే ఉన్నాడు. డబ్బా వీడు తీయలేదక్కా. అందులో ఏముంటుందో వాడికి తెలియదు, బిస్కట్లు అనుకున్నాడు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మంగళవారం వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చాను గనుక వరసగా జవాబు రాస్తాను.

అన్నం తింటున్నాడా అన్నావు. తింటున్నాడు. లావు బియ్యం అన్నం, పప్పులో పప్పును వెతుక్కోవాలి. సాయంత్రం చపాతీలు ఇస్తారు గానీ వీడి పళ్ళెంలోవి వీడికే దక్కుతాయన్న నమ్మకం లేదు. పాతవాళ్ళు చెయ్యి పెట్టి తీసుకుంటే అడిగే దిక్కు లేదు. మనిషి చిక్కాడు. చొక్కా కాలర్లో మెడ చిన్నదైపోయింది.

కొట్టారా అన్నావు. స్టేషన్లో అరికాళ్ళ మీద కొట్టారట. ఇప్పుడు నడక బాగానే ఉంది. జైల్లో వార్డర్లు చెయ్యి చేసుకోలేదు. వాళ్ళకు ఆ శ్రమ లేదు, లోపలి పాత ఖైదీలే చూసుకుంటారు. చిన్నవాడు కనపడితే బట్టలు ఉతకమంటారు, నీళ్ళు మోయమంటారు, కాళ్ళు పట్టమంటారు. మన ఇంట్లో తన చొక్కా తాను ఉతుక్కోని నీ కొడుకు, అక్కడ ముగ్గురి బట్టలు ఉతుకుతున్నాడు.

యాడ పడుకుంటున్నాడు అన్నావు. నలభై మంది పట్టే గదిలో తొంభై మంది ఉన్నారు. వీడికి దొరికిన చోటు మరుగుదొడ్డి గోడ పక్కన. వాన పడితే అక్కడికే నీళ్ళు వస్తాయి. ఒక దుప్పటి ఇచ్చారు, దాంతో పాటు గజ్జి కూడా వచ్చింది. వేళ్ళ సందులన్నీ పుళ్ళు. ఎవరో మణికట్టు దాకా ఊదారంగు మందు పూశారు. చేతులు చూపించరా అంటే వెనక్కి దాచుకున్నాడు.

జైల్లో మనిషిని కలిసి మాట్లాడడాన్ని ఇక్కడ ములాఖత్ అంటారు. రెండు ఇనుప జాలీలు, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. ఇటు ముప్పై మంది, అటు ముప్పై మంది, అందరూ ఒకేసారి అరుస్తారు. పది నిమిషాలు. ఆ గోలలో వాడు జాలీకి నోరు ఆనించి, "మామా, నీ మీద నాకేం కోపం లేదు, అమ్మను ఏడ్వొద్దని చెప్పు" అన్నాడు.

పైన రాసిన తిండి, పడక సంగతులన్నీ వాడు చెప్పినవి కావు. లైన్లో నా ముందు నిలబడ్డ పోచమ్మ చెప్పింది. హఫీజ్‌పేటలో ఇళ్ళల్లో పని చేసుకునే మనిషి. ఆమె పెద్ద కొడుకుది, మన రంగాది ఒకే గది. కొడుకు చెప్పినవన్నీ ఆమె గంటసేపు నాకు చెప్పింది. ఏ పండు లోపలికి పోనిస్తారో, ఏది పోనివ్వరో కూడా ఆమే నేర్పింది. చివరికి నా మొహంలోకి చూసి అడిగింది:

"ఏందన్నా, గా పోరనికి పంతొమ్మిదేండ్లని రాసుకున్నరట. ఎవరు నమ్ముతరు? మీసం మొలిచే జాగల చెమట తప్ప ఏం లేదట."

నేను ఏదో జోకు వేయబోయాను. ఆమె నవ్వలేదు.

"నా చిన్నోడు ఒకపారి పిల్లల హోంల ఉండొచ్చిండు. ఆడ గూడ పేన్లుంటయి, దెబ్బలుంటయి, లేవనను. గని పోరగాళ్ళు పోరగాళ్ళ నడుమనే ఉంటరు. ఒక సారొచ్చి సదువు చెప్తడు. గిట్ల పెద్దోళ్ళ నడుమ ఏస్తే ఆ పోరడు ఏం నేర్చుకొని బయటికొస్తడు? జర సోంచాయించు అన్నా."

ఇక నీ నాలుగో ప్రశ్న. 'చిన్నపిల్లల్ని పెట్టేదానికి వేరే చోటు ఉంటుందని హెడ్మాష్టరు చెప్పినాడు, వీణ్ణి పెద్ద జైల్లో ఏమిటికి పెట్టినారు?' అని రాశావు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేక సోమవారం నుంచి నీ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నా వల్లే అక్కా.

బావ బండల గనిలో దుమ్ము మింగి దగ్గుతున్నాడు, వీడికి ఆ గతి పట్టొద్దు, ఏదైనా నీడపట్టు పని చూడమని నువ్వు పంపావు. మా ఏజెన్సీవాళ్ళు పద్దెనిమిది నిండనివాణ్ణి తీసుకోరు. వీడికి పదిహేను. నేను తలుచుకుంటే ఎంత పని అన్నాను. పని మానేసి పోయిన ఒకడి టీసీ నా దగ్గర పడి ఉంది. కొత్తగూడలో జిరాక్స్ కొట్టుకు తీసుకెళ్ళి పేరు మీద తెల్లరంగు పూయించి, రంగనాథ్ అని టైపు కొట్టించి, మళ్ళీ జిరాక్స్ తీయించాను. పుట్టిన సంవత్సరం నేనే పెట్టాను. ఫోటోకు ముందు ఈశ్వరమ్మ కాటుకతో పైపెదవి మీద మీసం గీశాను. ఆ ఫోటో చూసి టీకొట్టు దగ్గర అందరం పడి పడి నవ్వాం. వాడూ నవ్వాడు.

అక్కడితో ఆగలేదు. వాడు ఎక్కడా తడబడకూడదని తర్ఫీదు మొదలుపెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే 'ఎన్నేళ్ళురా' అనేవాణ్ణి. ముద్ద ఆపి 'పంతొమ్మిది సార్' అనాలి. నేను అడిగినా, కన్నతల్లి వచ్చి అడిగినా, దేవుడు దిగొచ్చి అడిగినా అదే చెప్పాలి, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది అని చెప్పాను. ఏడో తరగతి తప్పినవాణ్ణి నేను, పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పాను. స్టేషన్లో అడిగారు, పంతొమ్మిది అన్నాడు. మెజిస్ట్రేటు అడిగారు, పంతొమ్మిది అన్నాడు. అరికాళ్ళ మీద కొడుతున్నప్పుడు కూడా ఆ అంకె మార్చలేదట. నలుగురి నవ్వు కోసం నేను వాడికి నాలుగేళ్ళు కలిపాను. ఆ నాలుగేళ్ళే వాణ్ణి పిల్లల హోంకు పోనివ్వకుండా జైలుకు పంపాయి.

పదహారు నిండని మగపిల్లల్ని జైల్లో ఉంచకూడదని చట్టమట. ఆ సంగతి నాకు కిరణ్మయి గారు చెప్పారు. ఆమె లాయరు. జైల్లో చిన్నపిల్లలు ఎవరైనా చిక్కుకున్నారేమోనని వారం వారం వచ్చి చూసిపోతారు. రంగాను చూడగానే అనుమానం వచ్చి, వాడి కాగితాల్లో మా బిల్డింగు పేరు పట్టుకుని పోయిన వారం మా గేటు దగ్గరికి వచ్చారు.

"ఓబులేసు గారూ, ఈ సర్టిఫికెట్ ఎవరు చేయించారండి?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను. ఎవరో బ్రోకరు అయ్యుంటాడన్నాను. ఆ బ్రోకరుకు గుబురు గడ్డమనీ, ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడనీ కూడా చెప్పాను. ఆమె పుస్తకంలో రాసుకున్నారు. నేను అబద్ధం ఆడితే అంత అందంగా ఆడతాను కదా. ఆమె వెళ్ళాక మళ్ళీ కుర్చీలో కూర్చుని గేటు లోపలికి వచ్చే కార్లకు సెల్యూట్ కొట్టాను. నేను వాడికి జామీను నిలబడకపోవడానికీ కారణం అదే. నిలబడితే వాడి కాగితాలు ఎవరు చేయించారో కూడా తవ్వుతారని జంకాను.

నీ ఉత్తరంలో నాలుగో ప్రశ్న కింద ఇంకో వాక్యం రాశావు, 'నువ్వు దగ్గరుండావు గాబట్టి నేను అన్నం తింటాండా' అని. దాంతో నాకు అన్నం దిగడం మానేసింది. నిన్న మధ్యాహ్నం కిరణ్మయి గారి దగ్గరికి వెళ్ళి, బ్రోకరు లేడు, గడ్డమూ లేదు, అన్నీ నేనే చేశాను అని చెప్పాను. రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆమె తిట్టలేదు. "ఇదే మాట మొదటిరోజే చెప్పి ఉంటే అబ్బాయి ఒక్క పూట కూడా అక్కడ ఉండేవాడు కాదండి" అని మాత్రం అన్నారు. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. నా మీద కేసు పెడతారేమో, ఏజెన్సీవాళ్ళు రేపే యూనిఫారం విప్పమంటారేమో తెలియదు. ఆ సంగతి ఈశ్వరమ్మకూ చెప్పాను. నిన్న రాత్రి మాత్రం కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. నా మాట ఒక్కటే కోర్టుకు చాలదు. ఎముకల ఫోటో తీసి వయసు చెప్తారట గానీ అందులో ఏడాది, రెండేళ్ళు అటూ ఇటూ అవుతుందట. వీడికి పదహారుకు ఉన్నదే మూడు నెలలు. కాబట్టి బడి రిజిస్టరే గట్టి సాక్ష్యం. హెడ్మాష్టరును అడిగి, వాణ్ణి ఒకటో తరగతిలో చేర్చినప్పటి పేజీకి నకలు రాయించి, బడి ముద్ర వేయించి పట్టుకురా. పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా. కోర్టు 23వ తేదీ సోమవారం. ఆదివారం ఉదయానికి బస్సు దిగేలా చూసుకో, నేను బస్టాండులో ఉంటాను. ఆ రోజు వయసు తేలితే వాణ్ణి హోంకు మారుస్తారట, అక్కడి కోర్టులో జామీను కూడా తొందరగా దొరుకుతుందట. కార్తీకం దాటి వాడికి పదహారు నిండితే మాత్రం ఏమంటారో తాను చెప్పలేనన్నారు కిరణ్మయి గారు. బావను కూడా తీసుకొస్తే తీసుకురా. ఆయన నన్ను కొడతాననుకుంటే కోర్టు పని అయ్యాక కొట్టమను, నేనెక్కడికీ పోను.

ఇక్కడ సంతకం పెట్టి కవరు అంటించేద్దామనుకున్నాను. కానీ పైన రాసినదాంట్లో ఒక మాట అబద్ధం. తిండి, గజ్జి, పోచమ్మ, లాయరమ్మ అన్నీ నిజం. జాలీకి నోరు ఆనించి నా మీద కోపం లేదని వాడు చెప్పినట్టు రాశాను చూడు, అది వాడు అనలేదు. అమ్మను ఏడ్వొద్దని చెప్పమనీ అనలేదు. నీకు ఊరట అని ఆ రెండూ నేనే పుట్టించాను. నిజానికి ఆ ఊరట నాకు కావాల్సి వచ్చింది. వాడు పది నిమిషాల్లో నన్ను అడిగింది ఒకటే:

"మామా, ఇంగ నిజం చెప్పేదా?"

అప్పటికి నేను ఇంకా భయపడుతూనే ఉన్నాను అక్కా. "కొన్నాళ్ళు ఓర్చుకోరా" అన్నాను. "సరే మామా" అని తల ఊపి, అరటిపళ్ళు తీసుకుని లోపలికి పోయాడు. నిన్న నేను సంతకం పెట్టినట్టు వాడికి ఇంకా తెలియదు. కోర్టు వరండాలో కనపడగానే ఇక నిజం చెప్పవచ్చని నువ్వే చెప్పు. నా నోటి నుంచి వస్తే అది కూడా పరీక్షే అనుకుంటాడు.

ఇట్లు,
నీ ఎదుట తలెత్తి నిలబడలేని నీ తోడబుట్టినవాడు,
ఓబులేసు