విప్పని పొట్లం

ఏప్రిల్ 2, బుధవారం
డయాలసిస్ రోజు. ఉదయం ఏడింటి షిఫ్టు. మా ఆవిడ ఈశ్వరిని సెంటర్లో దింపి, బయటికొచ్చి బానెట్ ఎత్తి చూశాను. రేడియేటర్ పై పైపు క్లిప్పు దగ్గర ఉబ్బింది. నొక్కితే మెత్తగా ఉంది. బండికి పదిహేనేళ్లు. పైపుకీ అంతే.

సూరి షెడ్డుకి తీసుకెళ్లాను. పదో తరగతి నుంచి స్నేహితుడు, ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన ఒకే ఒక్క మెకానిక్. పైపుని వేలితో తట్టి వదిలేశాడు.

"ఏటి బావా, కారతందా? కారనేదు. పగిలిందా? పగలనేదు. మరేటి మార్సీమంటావు?"

"పగిలాక మార్చడానికి నీ దాకా ఎందుకు?"

"పేపరోల యవ్వారం ఇంతే. మనిసి సావకముందే వార్త రాసి ఎట్టుకుంటారు."

షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. జేబులో వైట్‌నర్ ఉంటే తీసి, ఉబ్బిన చోట తెల్ల చుక్క పెట్టాను. తీసేటప్పుడు ఈ చోటు చూడు అన్నాను.

ఏప్రిల్ 3
పలాసలో ఆ మోడల్ పైపు లేదు. విశాఖ నుంచి బస్సు పార్శిల్లో రావాలి. చెప్పి పంపాను.

ఈశ్వరి — "ఇంకా పోనేదు గదా... ఏటంత తొందర మీకు?"

దారిలో ఆగిపోతే షిఫ్టు పోతుంది, అదీ తొందర. ఆమెకి తెలియదా...

ఏప్రిల్ 5, శనివారం
పార్శిల్ వచ్చింది. పైపూ బండీ సూరికి అప్పగించి, రైలెక్కి హరిశ్చంద్రపురం వెళ్లాను. జీడి రైతుల సమావేశం. వార్త అక్కడినుంచే పంపాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి బండి సిద్ధం.

తీసిన పాత సామాను పేపర్లో చుట్టి యజమాని చేతిలో పెట్టడం ఆ షెడ్డు పద్ధతి. వాళ్ల నాన్న నాటిది. మార్చానని సూరి నోటితో చెప్పడు. పొట్లం ఇస్తాడు. ఇవాళ చుట్టింది మా పేపరే, నా వార్త ఉన్న పేజీ.

"సూడు బావా, నీ రాతకి ఎంత బరువొచ్చిందో."

అతని ఎదుట పొట్లం విప్పితే నమ్మలేదని అర్థం. ముప్పై ఏళ్లలో ఎవరూ విప్పగా చూడలేదు. తెచ్చి వసారాలో అలమర మీద పెట్టాను.

ఏప్రిల్ 7
వెళ్లాం, వచ్చాం. ఇంజను వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం
పూండి దాటాక ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్లింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపాను. రోడ్డుకి రెండు పక్కలా జీడి తోటలు. ఒక్క ఆటో లేదు. ఈశ్వరి దిగి రాయి మీద కూర్చుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, చెప్పు పట్టీ చర్మంలోకి దిగింది.

అరగంట తర్వాత నూకమ్మ కొడుకు బండి వచ్చింది. నూకమ్మది సెంటర్లో ఈశ్వరి పక్క మంచం. మా మోడల్ పాత బండే, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి నలుగురు పేషంట్లు అందులో వస్తారు. ఇరుక్కుని ఈశ్వరికి చోటిచ్చారు. ఆ కొడుకు నా బానెట్ వంక ఒక్కసారి చూశాడు. ఏమైందని అడగలేదు.

ఆలస్యమైంది. నాలుగు గంటలు జరగాల్సిన డయాలసిస్ మూడే జరిగింది.

వాళ్లు వెళ్లాక బానెట్ ఎత్తాను. పైపు పగిలింది. పగులు పక్కనే తెల్ల చుక్క.

నా చుక్క.

ఏప్రిల్ 10
పొట్లం విప్పాను. లోపలున్నది అదే మోడల్ పైపు. పొడవునా చీలింది. చుక్క లేదు.

తెలిసినవి: నేనిచ్చిన కొత్త పైపు నా బండికి వెయ్యలేదు. నా పాతది తియ్యలేదు. ఎవరిదో పగిలిన పైపు నా చేతికిచ్చారు.

తెలియనిది: ఎందుకు.

ఏప్రిల్ 11, శుక్రవారం
ఆటోలో తీసుకెళ్లి ఈశ్వరిని సెంటర్లో దింపాను. నడిచి షెడ్డుకి. నా బండి అక్కడే ఉంది, నిన్న తాడు కట్టి లాక్కొచ్చారు. పొట్లం బల్ల మీద పెట్టాను. సూరి దాని వంక చూడలేదు.

"నూకమ్మ కొడుకు బండిది బావా అది. నువ్వు పైపిచ్చిన రోజే పగిలిపోనాది. సోమారం నలుగురు డయాలసిస్ కెల్లాల. ఆ పైపు ఇక్కడ దొరకదని నీకూ తెలుసు. నీది ఇంకా పోనేదు... ఆలది పోనాది. ఇంకోటి తెప్పించి నీకు ఏసీద్దుమనుకున్నాను."

"ఒక్క ఫోన్ చెయ్యాల్సింది."

"సేసినాను."

ఫోన్ తీసి ఐదో తేదీ చూపించాను. అతని కాల్ లేదు.

చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"నీకు కాదు బావా... ఇంటికి."

ఏప్రిల్ 12
ఉదయం అడిగాను. ఈశ్వరి వంకాయలు తరుగుతోంది. చెయ్యి ఆగలేదు.

"అవును. నానే ఇచ్చీమన్నాను."

"ఆ పొట్లం?"

"అదీ నానే. చుట్టి ఇచ్చీ సూరన్నా, ఆయన విప్పరు అన్నాను."

ఆయన విప్పరు. ముప్పై ఏళ్ల మర్యాద ఇలా వాడుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఒప్పుకుందురా?"

ఆలోచించాను. ఒప్పుకునేవాణ్ణి కాదు. అది కూడా తెలిసినవాటిలో రాసుకోవాలి.

"దారిలో ఆగింది. నీకు గంట తగ్గింది."

"బండిలో కూకుంది నాను. పోతే నాకే గదా పోద్ది."

ఆ బండి నడుపుతున్నది నేను. రెండేళ్లుగా. వారానికి మూడుసార్లు. ఈశ్వరి వంకాయ ముక్కలు నీళ్లలో వేసింది.

సూరి చేసింది ఒకలా బాధించింది. ఇది వేరు. దీన్ని ఏమనాలో రాయలేకపోతున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం
విశాఖ నుంచి రెండో పైపు వచ్చింది. షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. సూరి బిగిస్తుంటే చూశాను. ఎవరూ జోకులు వెయ్యలేదు.

పాత పైపు పేపర్లో చుట్టి ఇచ్చాడు.

అక్కడే విప్పాను.

తెల్ల చుక్క ఉంది. మళ్లీ చుట్టాను. సూరి స్పానరు కింద పెట్టి లోపలికి వెళ్లాడు. నేను బయల్దేరేదాకా రాలేదు.

ఇంటికొచ్చాక ఈశ్వరి — "సూరన్న ఎదురుగానే విప్పినారా?"

"అవును."

తర్వాత పాదాలకి నూనె రాసుకుంటూ —

"రేపు నూకమ్మ బండిలో ఎల్తాను. ఆల్లకి సెప్పీసినాను."

ఇప్పుడు రెండు బండ్లకీ కొత్త పైపే. రెండూ నేను తెప్పించినవే. ఇక దారిలో ఏదీ ఆగదు.

నూకమ్మ బండి మా వీధి చివరికి అయిదున్నరకి వస్తుంది. నేను అయిదింటికే నా బండి గుమ్మం ముందు పెడతాను. బండి తలుపు తీసే ఉంచుతాను...